పటంలో లేని నీళ్లు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఏమిటంటే, నా నోటి మాట నమ్మి ఒక పసిపిల్ల సముద్రంలోకి నడిచి వెళ్లిపోవడం. ముందే ఇలా చెప్పేస్తే గుండె కొంచెం తేలికపడుతుందేమో అనుకున్నాను, పడలేదు. ఎందుకంటే అది ఒకసారి జరిగింది. మార్చి నెలలో, పున్నమి దాటిన నాలుగో రోజు, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు.

నా పేరు జాజియా. ఇరవై ఆరేళ్లు. గాబెస్ తీరంలో మాలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి, పేరు చెప్పినా చెప్పకపోయినా ఒకటే. ఆటు వచ్చినప్పుడు సముద్రం వెనక్కి పోయి, కనుచూపు మేర ఒండ్రు పర్ర బయటపడుతుంది. ఆడవాళ్లు తలకి గుడ్డ చుట్టుకుని, దాని మీద గడ్డి టోపీ పెట్టుకుని, కొడవళ్లు పట్టుకుని దిగుతారు. బురదలో పక్కపక్కన రెండు చిల్లులు కనిపిస్తే అక్కడ ఆల్చిప్ప ఉన్నట్టు. వంగి తవ్వి, బకెట్లో వేసుకుని, మళ్లీ వంగి తవ్వి, పోటు తిరిగేలోపు ఒడ్డుకి రావాలి. నేను ఏడో తరగతి మధ్యలో ఉండగా మా అమ్మ నా పుస్తకాల సంచి తీసి గోడకి తగిలించి, ఆ చేత్తోనే బకెట్ ఇచ్చింది. పెద్ద బడి పదకొండు కిలోమీటర్లు, ఆడపిల్లని బస్సులో ఎలా పంపడం అంది. రెండేళ్ల తర్వాత మా తమ్ముడు అదే బస్సెక్కాడు. దాని గురించి మా ఇంట్లో ఎవరూ ఏమీ అనుకోలేదు. నేనూ అనుకోలేదు, అప్పట్లో.

పెళ్లయ్యాక లస్సాద్ నన్ను పర్ర మాన్పించాడు. అతను స్ఫాక్స్ రేవు నుంచి వెళ్లే చేపల ఓడ మీద పని చేస్తాడు, నెలకి ఐదు రోజులు ఇంట్లో ఉంటాడు. "నా పెళ్లాం మోకాళ్ల దాకా బట్టలెత్తి నలుగురి ముందూ నడవక్కర్లేదు" అన్నాడు. అది ప్రేమ అనుకుని నేను మురిసిపోయాను. అలా మురిసిపోయి, తెల్లారి లేచి వాళ్ల అమ్మ మోకాళ్లకి నూనె రాసి, రొట్టె కాల్చి, కూతురు రీమాస్‌కి జడేసి, సిహెమ్ మేడమ్ నడిపే బాలబడిలో నేల తుడిచే పనికి వెళ్లేదాన్ని. నేల తుడిచేటప్పుడు బట్టలు మోకాళ్ల దాకానే ఎత్తుకోవాలి. కానీ అక్కడ నలుగురు ఉండరు, ఇరవై ఇద్దరు పిల్లలే ఉంటారు కనక పరువు పోదు.

అక్కడ ఉల్ఫా అని చదువుకున్న పంతులమ్మ ఉండేది. ఆమె పురిటికి వెళ్లింది. "రెండు వారాలు పిల్లల్ని కూర్చోబెట్టు జాజియా, ఏడవకుండా చూస్తే చాలు" అన్నారు మేడమ్. ఆ రెండు వారాలు ఐదు నెలలయ్యాయి. ఉల్ఫా పుట్టింటి నుంచి రాలేదు, నా జీతం నేల మీద నుంచి లేవలేదు. తరగతి గోడకి దేశ పటం ఒకటి వేలాడుతూ ఉండేది. భూమి పసుపు, సముద్రం నీలం. దాని ముందు రోజూ పిల్లల్ని నిలబెట్టి, ఇది రాజధాని, ఇది ఎడారి అని ఉల్ఫా నేర్పినట్టే నేనూ చెప్పేదాన్ని. ఒకరోజు షెలబియా కూతురు హైఫా అడిగింది, "పిన్నీ, ఇందులో మా అమ్మ ఎక్కడుంది?" అని. దానికి ఐదున్నరేళ్లు. ముందు పళ్లు రెండూ ఊడిపోయి, మాట గాలిగా వస్తుంది. నేను పటం మీద వేలు పెట్టబోయి ఆగిపోయాను. వాళ్లమ్మ ఆ గంటకి పర్ర మీద ఉంటుంది. పటంలో పర్ర లేదు. ఎక్కడ చూపించినా నీలమే. మీ అమ్మ నీళ్లలో ఉందని ఎలా చెప్పను?

అందుకని సుద్దముక్క తీసుకుని నేల మీద గీశాను. ఎలాగూ తుడిచేది నేనే. ఇది మన ఒడ్డు. ఇది మంచు ఫ్యాక్టరీ నీళ్ల ట్యాంకు. దీన్ని ఎడమ భుజం వెనక పెట్టుకుని నడిస్తే మొదట గాడిద వీపు వస్తుంది, ఆటులో ముందుగా ఆరే మెరక. దాని తర్వాత చెవిటిది. అది ఒక పాయ. పక్కనే నిలబడ్డా నీళ్ల చప్పుడు వినిపించదు కనక ఆ పేరు. ఆ తర్వాత వితంతువు దుప్పటి, పచ్చగా నాచు పరుచుకుని ఉంటుంది. ఆ చివర గుమ్మం, అక్కడితో పర్ర అయిపోయి లోతు మొదలవుతుంది. ఈ పేర్లన్నీ మా అమ్మ నాకు చెప్పింది. మా అమ్మకి వాళ్లమ్మ చెప్పింది. కాగితం మీద ఎవరూ పెట్టలేదు. దూరాలు కూడా మాకు వేరే లెక్క. మట్టి పొయ్యిలో కాల్చిన తబూనా రొట్టె నములుతూ నడుస్తాం కదా, గాడిద వీపు ఒక రొట్టె దూరం, గుమ్మం రెండున్నర రొట్టెలు.

పిల్లలకి ఉత్త పేర్లు చెబితే నిలవవు. అందుకని పీతమ్మని పెట్టాను. పీతమ్మ తన కూతుర్ని గుమ్మం దగ్గర కాపరానికి ఇచ్చింది. కూతుర్ని చూడాలని బయలుదేరింది. గాడిద వీపెక్కి ఆయాసపడింది. చెవిటిదాన్ని "అవ్వా, దారి ఇస్తావా" అని మూడుసార్లు అడిగితే అది పలకలేదు. వితంతువు దుప్పటి కప్పుకుని కాసేపు పడుకుంది. తర్వాత గుమ్మం దగ్గర నిలబడి తలుపు కొట్టింది. పిల్లలు రోజూ అదే కథ అడిగేవారు. మాకరోనీ అట్టపెట్టెలు విప్పి వాటి మీద గీసేవారు. రంగు పెన్సిళ్లు మేడమ్ బీరువాలో ఉంటాయి, తాళం ఆవిడ దగ్గరుంటుంది. కాబట్టి ఒడ్డు నుంచి డబ్బాతో ఒండ్రు తెచ్చాను. దాన్నే వేళ్లతో పూశారు. ఎండిన తర్వాత పటం మీద నిజం పర్రలాగే చిన్న చిన్న పగుళ్లు వచ్చాయి. హైఫా తన పటంలో దుప్పటి మీద ఒక గడ్డి టోపీ వేసింది. టోపీ కింద మనిషి లేదు. "అమ్మ వంగి ఉంది కదా, మొహం కనపడదు" అంది.

ఆ ఐదు నెలల్లో నేను ఎంత సంతోషంగా ఉన్నానో అప్పుడు నాకు తెలియలేదు. తెలిస్తే ఇంకొంచెం భయపడేదాన్ని. లస్సాద్ ఇంటికొచ్చినప్పుడు రీమాస్ పటం గోడ మీద చూశాడు.

"ఏంటిది?"

"సముద్రం, నాన్నా."

"సముద్రం నీలంగా ఉంటుంది తల్లీ. బురద పూశావేం?"

"ఏ సముద్రం? పొద్దుటిదా, మధ్యాహ్నానిదా?"

ముందు నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగి, "నేల తుడవడానికి కదా నిన్ను పెట్టుకున్నది, పాఠాలు చెప్పమని ఎవరడిగారు?" అన్నాడు. "నిన్ను ఆ బురదలోంచి పైకి లాగడానికే నేను ఓడ మీద చలికి చస్తున్నా. నువ్వేమో దాన్ని మళ్లీ ఇంట్లోకి తెచ్చి గోడకి కొట్టావు." మా అత్త తుర్కియా మూలన కూర్చుని ఆల్చిప్పలు విప్పుతూ, "అడిగిందిలే, పీతమ్మ అడిగింది" అంది. "పీత జీతమిస్తుందంట. పండక్కి గొర్రె కూడా కొనిపెడుతుందంట." ఆవిడ నలభై ఏళ్లు పర్ర మీద వంగి, ఇప్పుడు మోకాళ్లు రెండూ పోయి, ఇరుగుపొరుగు తెచ్చినవి విప్పి పెడుతుంది. ఎవరి మాటకీ తల ఎత్తదు, చెయ్యి ఆపదు. నేను ఉల్లిపాయలు తరిగాను. ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఏమీ అనకపోయినా ఎవరూ అడగరు.

ఆ రోజు సంగతి చెబుతాను. బాలబడి పన్నెండింటికి వదిలేస్తారు. ఆటు మాత్రం పన్నెండింటికి ఆగదు, రోజుకి ముప్పావు గంట చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. పొద్దుటి ఆటు రోజుల్లో తల్లులు పర్ర మీద, పిల్లలు నా దగ్గర. మధ్యాహ్నం ఆటు రోజుల్లో తల్లులు పర్ర మీద, పిల్లలు ఎవరి దగ్గరా కాదు. ఆ రోజు ఒంటిగంటకి ఆటు. పైగా సరుకు కొనే బండివాడు ఏటి మొగ దగ్గరికి రమ్మన్నాడని ఆడవాళ్లందరూ అటు వైపు నుంచి ఒడ్డెక్కారు, మా ఒడ్డు వైపు రాలేదు. నేను ఇంట్లో గిన్నెలు తోముతున్నాను. రీమాస్ వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది.

"అమ్మా, హైఫా పీతమ్మ కూతురింటికి వెళ్లింది."

"ఆటా?"

"ఆట కాదు. రెండు రొట్టెలు పట్టుకుని వెళ్లింది. నన్నూ రమ్మంది. నాకు భయమేసింది."

"ఎప్పుడు?"

"నేను గుడ్డు తినకముందు."

గుడ్డు పెట్టి గంట దాటింది. నేను చేతులు కడుక్కున్నానో లేదో గుర్తు లేదు. ఒడ్డుకి పరిగెత్తేసరికి పడవల దగ్గర నలుగురు మగవాళ్లు వల బాగుచేస్తున్నారు. గాడిద వీపు దగ్గర పిల్ల ఉంది, చెవిటిది నిండిపోతుంది అన్నాను. "ఏ గాడిదమ్మా?" అన్నాడొకడు. ఎగతాళి చెయ్యలేదు, నిజంగానే తెలీదు. పుట్టినప్పటి నుంచి ఆ నీళ్ల మీదే తిరుగుతున్నారు, కానీ వాళ్లకి అది పడవ అడుగు గీసుకునే చోటు, అంతే. "ఉత్తరమా, దక్షిణమా చెప్పు" అన్నాడు ఇంకొకడు. నాకు ఉత్తరం తెలీదు. ట్యాంకు ఎడమ భుజం వెనక పెట్టుకోవాలి అన్నాను. అతను ఫోన్ తీసి పటం తెరిచి నా మొహం ముందు పెట్టాడు. అంతా నీలం. పడవ తోస్తే పది బారలు పోయి బురదలో కూరుకుంది, నీళ్లు ఇంకా పిక్కల్లోతే. ఈలోపు మా అత్త రెండు కర్రల మీద ఒడ్డుకి వచ్చేసింది. ఆవిడ అంత దూరం నడిచి మూడేళ్లయింది.

"వాళ్లని వదిలెయ్యవే" అని అరిచింది. "చెవిటిది నిండకముందే దాటు. పిల్ల అవతల ఉంటే వెళ్లిన దారిన రాకు, వెనకనుంచి కొడుతుంది. కుడి చేతి వైపు రాళ్ల మీదుగా రా."

బట్టలు నడుములో దోపుకుని దిగాను. ఏడేళ్ల తర్వాత. నలుగురి ముందు. పాదాలకి అన్నీ గుర్తున్నాయి, ఎక్కడ గట్టి, ఎక్కడ దిగబడుతుంది. బుర్రకి మాత్రం ఒకటే మాట. నేనే చెప్పాను, నేనే గీశాను, నేనే పంపాను. పోటు ఎదురుగా రాదు. సినిమాల్లోలాగా అల వచ్చి మీద పడదు. పాయల్లోంచి చప్పుడు లేకుండా నీ వెనక చేరుతుంది, నువ్వు ముందుకి చూస్తూ ఉండగానే ఒడ్డుకీ నీకూ మధ్య దారి పోతుంది. ఇది మాకు ఎవరూ నేర్పరు. అమ్మ తల ఎత్తితే మేమూ ఎత్తుతాం, అమ్మ తిరిగితే మేమూ తిరుగుతాం. మడమ దగ్గర నీళ్లు చల్లబడితే అప్పటికే నడుస్తూ ఉంటాం. ఒంట్లో ఉన్నదాన్ని పటంలో పెట్టాలని నాకు తట్టలేదు. ఊపిరి పీల్చుకోమని ఎవరైనా పటంలో రాస్తారా?

చెవిటిది దాటేసరికి నా నడుము దాకా వచ్చింది. హైఫా దుప్పటి చివర నాచు మీద నిలబడి ఉంది. నీళ్లు దాని మోకాళ్ల పైన ఉన్నాయి. రెండో రొట్టె నానిపోయి చేతిలో ముద్దయిపోయింది. ఏడవడం లేదు. నన్ను చూసి, తప్పు తనదే అన్నట్టు, నెమ్మదిగా చెప్పింది.

"పిన్నీ, నీ కథలో నీళ్లు లేవు."

దాన్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని కుడి వైపు రాళ్ల మీదుగా వచ్చాను. ఒక చోట నా గడ్డం దాకా మునిగాను. పిల్ల నా జుట్టు రెండు చేతులతో పట్టుకుని, "అవ్వా, దారి ఇస్తావా" అని మూడుసార్లు అడిగింది. ఒడ్డు దగ్గర మోకాలి లోతులో మగవాళ్లు ఎదురొచ్చి పిల్లని అందుకున్నారు. సాయంత్రానికి కాఫీ దుకాణంలో కథ తయారైంది, బెస్తవాళ్లు పిల్లని కాపాడారని. కథల్లోంచి మనుషులు ఎలా జారిపోతారో నాకు తెలుసు. నేను జారవిడిచింది అంతకన్నా పెద్దది.

షెలబియా అరవలేదు. అరిస్తే బాగుండేది. పిల్ల మణికట్టు పట్టుకుని నా ఎదురుగా నిలబడింది. "నువ్వు కావాలని చెయ్యలేదని నాకు తెలుసు. కానీ జాజియా, నేను ఇన్నాళ్లూ దీనికి పర్ర మీద ఒక్క పేరు కూడా చెప్పలేదు. ఎందుకో తెలుసా? పేర్లు తెలిస్తే దిగుతుంది. దిగితే నాలాగే వంగిపోతుంది. నువ్వు చక్కగా అన్నీ చెప్పేశావు" అని వెళ్లిపోయింది. మేడమ్ నా పటాలన్నీ కట్టగట్టి గిన్నెల గదిలో పడేయించారు. "ఇకనుంచి రంగులూ జంతువులూ చాలు. అడవి జంతువులు. మనకి దొరకనివి" అన్నారు.

తర్వాత పదకొండు రోజులు నేను నేల తుడిచాను, ఏనుగు గురించి చెప్పాను. నిద్రపట్టేది కాదు, అన్నం దిగేది కాదు. రీమాస్‌ని కళ్లముందు నుంచి కదలనిచ్చేదాన్ని కాదు. స్నానాల తొట్టి కూడా బోర్లించి పెట్టాను. తప్పు నాదా, నాది కాదా అని రోజంతా నాలో నేనే కొట్లాడుకునేదాన్ని. ఒకరోజు మా అత్త చెయ్యి ఆపకుండానే, "పీతని ఎవరు పెట్టమన్నారే నిన్ను?" అంది.

"అయిపోయింది కదత్తా. మళ్లీ ఎందుకు?"

"పీత మునగదే. మునగనిదాన్ని పెట్టి కథ చెబితే పిల్లలకి నీళ్లెట్లా తెలుస్తయి? మునిగేదాన్ని పెట్టు."

ఆవిడ అప్పుడు చేతిలో చిప్ప కింద పెట్టింది. ఏడేళ్లలో ఆవిడ పని మధ్యలో చెయ్యి ఆపడం నేను చూడలేదు. "మా అక్క ఉండేది. ఖొద్రా. పధ్నాలుగేళ్లు. చెవిటిదాంట్లో పోయింది. నేను ఇవతల ఉన్నా, అది అవతల ఉంది. చెయ్యి ఊపితే నేనూ ఊపా, ఆడుతోందనుకుని. ఇంటికొచ్చాక మా అమ్మ దాని పేరెత్తొద్దంది. పేరెత్తితే మర్నాడు మేము పనికి దిగమని భయం. ఎత్తలేదు. నీ మొగుడికి కూడా తెలీదు వాడికో పెద్దమ్మ ఉండేదని." మళ్లీ చిప్ప తీసుకుంది. "ఆ పీతని తీసేసి మా అక్కని పెట్టు. కానీ నీ కథలో దాన్ని ఇంటికి రప్పించు. ఎప్పుడు తిరగాలో తెలిసినట్టు రప్పించు."

మర్నాడు కిరాణా కొట్లో ఇచ్చే నీలం నైలాన్ సంచి ఒకటి కోసి విప్పాను. ఒండ్రు పూసిన పెద్ద అట్ట నేల మీద పరిచాను. ఖొద్రా అనే పిల్ల బకెట్ పట్టుకుని బయలుదేరింది అని మొదలుపెట్టి, ఆమె గాడిద వీపు దాటగానే నీలం సంచిని వెనకనుంచి నెమ్మదిగా లాగడం మొదలుపెట్టాను. ముందు చెవిటిది కప్పాను, చప్పుడు చెయ్యకుండా. ఖొద్రా ముందుకే నడుస్తోంది. పిల్లలు ముందు చూడలేదు. ఒక పిల్లాడు చూశాడు. "ఖొద్రా, వెనక్కి చూడు" అన్నాడు. ఇంకొకరు అన్నారు. చివరికి ఇరవై ఒక్కమందీ లేచి నిలబడి, వెనక్కి చూడు, వెనక్కి చూడు, కుడి వైపు రాళ్లున్నాయి అని అరిచారు. గొంతులు విని మేడమ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను సంచి వదల్లేదు.

"నీకు ఏం చెప్పాను జాజియా?"

"నేలా నేనే తుడుస్తాను మేడమ్, పాఠమూ నేనే చెబుతాను. పాఠం వద్దంటే నేల కూడా వద్దు నాకు."

ఇలాంటి మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు, కానీ వచ్చింది. ఆవిడ పిల్లల్ని చూశారు, నన్ను చూశారు, నీలం సంచి కింద సగం మునిగిన అట్టని చూశారు. ఉల్ఫా ఇక రానని కబురు పెట్టి వారమైంది, అది ఇద్దరికీ తెలుసు. "తలుపు వేసుకుని చెప్పు" అని వెళ్లిపోయారు. లస్సాద్ ఫోన్లో, "మళ్లీ మొదలెట్టావంట?" అన్నాడు. "అవును" అన్నాను. ఎందుకో ఏమిటో చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను.

ఇరవై ఒక్కమంది అన్నాను, చూశారు కదా. ఇరవై రెండో పిల్ల రావడం లేదు. ఆ రోజు నుంచి షెలబియా పర్రకి దిగేటప్పుడు హైఫాని గదిలో పెట్టి గొళ్లెం వేసి వెళ్తోంది. నేను సాయంత్రాలు నాలుగుసార్లు వెళ్లాను. షెలబియా తలుపు తీసి, "పిల్ల బాగానే ఉంది" అని నా మొహం మీదే వేసేసింది. నేను ఆమెని ఒక్క మాట అనలేను. గది లోపల పిల్ల మునగదు కదా అని ఆమె లెక్క. బయట పర్ర మీద ఐదు గంటలు వంగి ఉండే తల్లికి అంతకన్నా మంచి లెక్క ఎవరిచ్చారు? కానీ లోపల పొయ్యి ఉంటుంది, గ్యాస్ బండ ఉంటుంది. కిటికీ లేదు. ఐదు గంటలు. ఆటు వేళ, బడి వదిలినా తల్లులు ఒడ్డెక్కేదాకా, నేను ఇక్కడ తరగతిలో ఇరవై ఒక్కమంది మధ్య ఇరుక్కుని ఉంటాను, వీళ్లని వదిలి వెళ్తే ఇంకొకరు దిగుతారని భయం.

ఇవాళ ఆటు పదకొండున్నరకి. షెలబియా తొమ్మిదింటికే దిగి ఉంటుంది. మీరు మా ఊరివాళ్లయినా, ఈ దారిన పోయేవాళ్లయినా, మంచు ఫ్యాక్టరీ వెనక సందులో మూడో ఇల్లు, ఆకుపచ్చ రేకు తలుపు. తాళం ఉండదు, బయట గొళ్లెమే. తలుపు కొట్టి హైఫా అని పిలవండి. పలికితే కాసేపు ఆ గుమ్మంలో కూర్చుని దాంతో ఏదైనా మాట్లాడండి. పలకకపోతే నా కోసం ఆగొద్దు, గొళ్లెం తీసి లోపలికి వెళ్లి చూడండి.